దురదతోనైనా రా అక్కా

వెనక గది నుంచి,
జూన్ చివరి ఆదివారం

చెల్లికి అక్క దీవెనలు.

ముందు నీ కన్ను సంగతి చెప్పు. పొర ఇంకా ముదిరిందా, అలాగే ఉందా? రెండో కన్ను మీద భారం వెయ్యకు, దీపం పెట్టుకుని కుట్టుమిషన్ ముందు కూర్చోకు. మోకాలి వాపు తగ్గిందా? మీ అబ్బాయి నడుము ఎలా ఉంది? రోజంతా బస్సులో నిలబడి టిక్కెట్లు ఇచ్చే ఉద్యోగం, ఆ నడుం బెల్టు కట్టుకుంటున్నాడా, మంచం కింద పడేశాడా? వానల్లో బస్సు తలుపు దగ్గర నిలబడొద్దని చెప్పు. మీ పక్కింటి ముసలాయన ఎలా ఉన్నాడు? ఉన్నాడా అసలు?

ఇక్కడ మావాడు, కోడలు, మనవరాలు అందరూ బాగానే ఉన్నారు. అలా రాయాలన్నా నాకు భయమే. రాసిన మర్నాడే ఎవరికో ఒకరికి జ్వరం వస్తుంది.

ఆపరేషన్‌కి నన్ను రమ్మని రాశావు. ప్రతి ఏడూ వానలు మొదలవగానే నీ దగ్గరికి వచ్చేదాన్నే కదా, ఈసారీ రమ్మంటున్నావు, అంతే కదా అని నువ్వనుకుంటావు. కానీ ఈసారి వీలుపడేలా లేదు. మనవరాలికి పరీక్షలు. బండిలో సీటు దొరకడం కష్టం అంటున్నారు. నాకూ కాళ్లు లాగుతున్నాయి. ఆపరేషన్ అంటే ఇప్పుడు పెద్ద పని కాదట, మధ్యాహ్నానికి ఇంటికి పంపేస్తారట. అబ్బాయి ఉంటాడుగా.

ఈ ఉత్తరం చదివి వినిపిస్తున్న అబ్బాయికి నా దీవెనలు. బెల్టు కట్టుకో నాయనా.

ఉంటాను,
అక్క

*

పై అంతస్తు నుంచి,
జూలై

అక్కా,

ఇది నా చేత్తోనే రాస్తున్నాను. వరసలు మెట్లెక్కి దిగుతుంటాయి, ఏమనుకోకు. మంచి కన్ను ఒకటుంది, భూతద్దం ఉంది.

నీ ఉత్తరం మావాడు చదువుతుంటే విన్నాను. విని, "ఇది మా అక్క రాసింది కాదు, ఇంకెవరో రాశారు" అన్నాను. వాడు నవ్వి, "బెల్టు గురించి రెండుసార్లు రాసింది, పెద్దమ్మే" అన్నాడు.

వానాకాలంలో పరీక్షలేమిటి అక్కా? మొన్ననే బడి తెరిచారు. బండిలో సీటు దొరక్కపోతే నేల మీద గుడ్డ పరుచుకుని వచ్చిన మనిషివి నువ్వు. నీకు అబద్ధం చేతకాదు. నాకొక్కటే తోస్తోంది. పోయినేడు నువ్వు నా గదంతా మందునీళ్లతో కడుగుతుంటే, నా ఇల్లు ఆసుపత్రి వాసన కొడుతోందని విసుక్కున్నాను. అది మనసులో పెట్టుకున్నావు. పెట్టుకోలేదని చెప్పకు.

ఆపరేషన్ నేను చేయించుకోవడం లేదు. వాడికీ చెప్పేశాను. కంటికి కట్టు కట్టి ఇంటికి పంపుతారు, చుక్కలు పగలంతా వేస్తూ ఉండాలట. వాడు పొద్దున్నే బస్సెక్కితే చీకటి పడ్డాక వస్తాడు. కట్టుతో కూర్చుని నేనెవర్ని పిలవాలి? పక్కింటి ముసలాయన్నా? ఉన్నాడులే, కానీ నాకు చుక్కలు వేస్తానని చెవిలో వేస్తాడు.

నీ మంచం కిటికీ పక్కన అలాగే ఉంది. దాని మీద కుట్టిన బట్టలు కూడా పెట్టడం లేదు.

ఇకమీదట నీ ఉత్తరాలు నేనే చదువుకుంటాను, వాడికివ్వను. పెద్ద పెద్ద అక్షరాలు రాయి. ఏముందో చెప్పు.

చెల్లి

*

వెనక గది నుంచి,
జూలై

చెల్లీ,

ఇది నువ్వొక్కదానివే చదువు. చదివాక చింపెయ్. పొయ్యిలో వెయ్యకు, కాగితం పూర్తిగా కాలకపోతే ఎవరి కంటైనా పడుతుంది. ముక్కలు చేసి వేరువేరు చోట్ల పారెయ్.

నీ మాట నేను మనసులో పెట్టుకోలేదు. నా ఒంట్లోనే బాగోలేదు. ఫోన్‌లో చెబుదామంటే మా ఫోన్ మావాడి జేబులో ఉంటుంది, మీ ఫోన్ మీవాడి జేబులో ఉంటుంది. ఇద్దరు మగపిల్లల జేబుల్లోంచి ఈ మాట ఎలా చెప్పను?

కింద దురద. ఎండాకాలం ముందునుంచీ. మామూలు దురద కాదు, నలుగురిలో కూర్చోలేను. ఒంటేలుకి వెళ్తే మంట. తెల్లబట్ట అవుతోంది, విరిగిన పాలలా ముద్దలు ముద్దలుగా. మొదట్లో చెమటకి ఒరుసుకుందేమో అనుకున్నాను. తర్వాత మురికి అనుకున్నాను. మురికి అంటే నాకు తెలిసిన పని ఒక్కటేగా. ఆసుపత్రి బట్టలుతికే ఖానాలో నా బతుకంతా గడిచింది. మరక పోకపోతే ఇంకాస్త వేడినీళ్లు, ఇంకాస్త మందు. అలాగే చేశాను. సబ్బుతో కడిగాను, తగ్గలేదు. గచ్చు కడిగే మందునీళ్లు కలుపుకుని కడిగాను. కాస్త చల్లగా అనిపించి, ఆ తర్వాత నిప్పు పెట్టినట్టయింది. ఇంకొంచెం కలిపితే పోతుందేమో అని ఇంకొంచెం కలిపాను.

మందుల షాపుకి వెళ్లాను. అక్కడ కూర్చునేది మీసాలాయన. ఎలా చెప్పను? కాలి వేళ్ల సందుల్లో దురద అన్నాను. "తడిలో తిరుగుతారామ్మా?" అన్నాడు. తిరుగుతానన్నాను. ఏదో పూతమందు ఇచ్చి, రాసుకున్నాక మేజోళ్లు వేసుకోమన్నాడు. రాసుకున్నాను. దాని గురించి ఇక రాయలేను.

భయమేంటంటే, అంటుజబ్బేమో. మా ఖానాకి చర్మపు జబ్బుల వార్డు నుంచి వచ్చే దుప్పట్లు ఎర్రసంచిలో వచ్చేవి. అవి వేరేవాటితో కలపకూడదు, విడిగా ఉడకబెట్టాలి, పట్టుకున్నాక చేతులు మోచేతుల దాకా కడుక్కోవాలి. ఇప్పుడు నా లోబట్టలకి నేనే ఒక ఎర్రసంచి కుట్టుకున్నాను. అందరూ పనులకి వెళ్లాక ఉతుక్కుని మంచం కింద ఆరేసుకుంటున్నాను. మనవరాలు పుట్టినప్పటి నుంచీ నా పక్కలోనే పడుకుంటుంది, దాన్ని వాళ్లమ్మ గదిలోకి పంపేశాను. "నేనేం చేశాను నానమ్మా" అని అడిగింది. గురక పెడుతున్నావన్నాను. ఎనిమిదేళ్ల పిల్ల, నిజమే అనుకుని నోరు మూసుకుని పడుకోవడం నేర్చుకుంటోంది.

నీ దగ్గరకొస్తే మనిద్దరం ఒక్క మంచం మీద పడుకునే మనుషులం. ఒక్క తువ్వాలు వాడే మనుషులం. ఆ చేతుల్తోనే నీ కంట్లో చుక్కలు వెయ్యాలి. ఇది నీ కంటికి పాకితే?

ఇంకో మాట. ఇలాంటి జబ్బులు ఎవరికొస్తాయని అనుకుంటారో నీకు తెలుసు. ఆయన పోయి ఎన్నేళ్లయింది. డాక్టరు "ఎలా వచ్చింది?" అని అడిగితే ఏం చెప్పను? లేకపోతే లోపల పుండేమో, కాన్సరేమో. పడుకుంటే ఇవన్నీ వరసగా వస్తాయి.

నువ్వు మాత్రం ఆపరేషన్ మానకు. నా దురద వల్ల నీ కన్ను పోయిందంటే నేను బతకలేను.

అక్క

*

పై అంతస్తు నుంచి,
జూలై

నా పిచ్చి అక్కా,

చింపలేదు. నువ్వు కంగారుపడతావని తెలిసే రాస్తున్నాను. దిండు గలీబులో పెట్టి కుట్టేశాను. కుట్టు విప్పే ఓపిక ఈ ఇంట్లో ఎవరికీ లేదు.

మేజోళ్ల దగ్గరికి వచ్చేసరికి నవ్వాపుకోలేకపోయాను. మావాడు పరిగెత్తుకొచ్చి "ఏమైందమ్మా" అన్నాడు. "మీ పెద్దమ్మ కాళ్లు జాగ్రత్తగా చూసుకుంటోందిరా" అన్నాను. తర్వాత ఏడిచాను. నువ్వక్కడ మంచం కింద బట్టలు ఆరేసుకుంటుంటే, నేనిక్కడ నీకు కోపమొచ్చిందని అలిగి కూర్చున్నాను.

ఎవరికొస్తాయి ఇలాంటివి అన్నావు. నాకొచ్చింది. వీడు కడుపులో ఉన్నప్పుడు. సరిగ్గా నువ్వు రాసినట్టే, విరిగిన పాలే. అత్తగారికి చెప్పలేను, ఆయనకి చెప్పలేను. నువ్వప్పుడు రెండు షిఫ్టులు చేస్తున్నావు, ఇంటికొచ్చి కూర్చున్నచోటే నిద్రపోయేదానివి. నీకు చెబుదామని ఒకరోజు మీ ఖానా గేటు దాకా వచ్చాను. లోపల ఆవిరిలో నువ్వు దుప్పటి పిండుతూ కనిపించావు. అటు చివర ఇంకొకామె, మధ్యలో దుప్పటి. పిలవలేదు, తిరిగి వచ్చేశాను. చివరికి నేను పరీక్షకి వెళ్లినప్పుడు కాన్పుల నర్సమ్మే అడిగింది, "దురదగా ఉందామ్మా?" అని, ఆకలిగా ఉందా అన్నట్టుగా. బిళ్లలిచ్చింది, పోయింది. కడుపుతో ఉన్నవాళ్లకి వస్తుంది, షుగరున్న వాళ్లకి వస్తుంది, వేరే మందులు వాడినవాళ్లకీ వస్తుంది అంది. చెడ్డపని చేస్తేనే వచ్చేదైతే, ఈ వయసులో నువ్వు చేద్దామన్నా నీ మోకాళ్లు ఒప్పుకోవాలిగా.

ఆడ డాక్టరు దగ్గరికి వెళ్లు. ఒక్కదానివే వెళ్లకు, కోడలికి చెప్పు. ఆఫీసులో టైపు కొట్టే పిల్ల, లోకం చూసింది, నువ్వనుకున్నంత చిన్నపిల్ల కాదు. ఆ గచ్చుమందు ముట్టుకోకు.

నువ్వు డాక్టర్ని చూసేదాకా నేను నా డాక్టర్ని చూడను. ఇది బెదిరింపే.

చెల్లి

*

వెనక గది నుంచి,
ఆగస్టు

చెల్లీ,

వెళ్లొచ్చాను. కోడలికి చెప్పడానికే నాకు వారం పట్టింది. బియ్యం ఏరుతూ దాని మొహం చూడకుండా చెప్పాను. చేట పక్కన పెట్టేసి, "ఇన్నాళ్లు ఒక్కరే పడ్డారా అత్తయ్యా? నాకూ ఒకసారి వచ్చింది, మీకేం చెప్తానని ఊరుకున్నాను" అంది. ఒకే గోడకి అటూ ఇటూ పడుకుంటాం మేము.

డాక్టరమ్మ చిన్నది, మన కోడలి వయసు. ముందు అన్నీ అడిగింది. ఎలా వచ్చిందని మాత్రం అడగలేదు. ఏమేం వాడారు అని అడిగింది. చెప్పాను. గచ్చుమందు అనగానే రాస్తున్న కలం ఆపింది.

"ఎందుకమ్మా అలా చేశారు?"

"ఆసుపత్రి బట్టలుతికేదాన్నమ్మా. శుభ్రం అంటే నాకు తెలిసింది అదే."

"అది దుప్పటి కాదమ్మా, చర్మం. ఉత్త నీళ్లు చాలు."

బల్లమీద పడుకోబెట్టి చూసింది. నేను గోడమీద క్యాలెండర్‌లో బొమ్మ చూస్తూ ఉన్నాను. పుండు లేదు, గడ్డ లేదు, ఫంగస్ అంది. అది మన ఒంట్లో ఎప్పుడూ కాస్త ఉండేదేనట. షుగర్ పెరిగితే అదీ పెరుగుతుందట. వేలిమీద పొడిచి రక్తం చూసింది. షుగర్ చాలా ఉంది. నాకు తెలియనే తెలియదు. కాళ్లు లాగుతున్నాయని రాస్తే నువ్వు నమ్మలేదుగా, అది కూడా దానివల్లేనట.

అంటుకుంటుందా అని అడిగాను. పక్కలో పడుకుంటే, దుప్పటి కప్పుకుంటే అంటుకోదు అంది. "మనవరాలు పక్కలో పడుకుంటుందమ్మా" అన్నాను. "పడుకోనివ్వండి" అంది. నేను మళ్లీ అడిగాను. కోడలు నా చెయ్యి నొక్కింది. డాక్టరమ్మ విసుక్కోకుండా మళ్లీ అదే చెప్పింది.

పడుకునే ముందు లోపల పెట్టుకోవడానికి బిళ్లలిచ్చింది, పైన రాసుకోవడానికి పూతమందు ఇచ్చింది. షుగర్‌కి వేరే బిళ్లలు. సబ్బు పెట్టొద్దు, వాసన నీళ్లు వద్దు, పొడి వద్దు. కడుక్కుని మెత్తగా అద్దుకోవాలి, రుద్దకూడదు. ముందునుంచి వెనక్కి తుడుచుకోవాలి. నూలు బట్టలే వేసుకోవాలి, వదులుగా. తడిబట్టతో ఉండకూడదు. లోబట్టలు ఎండలో ఆరాలి అంది. మంచం కింద ఆరేస్తున్నానని నేను చెప్పలేదు, నా మొహం చూసి కోడలు చెప్పేసింది.

మందు మొదలుపెట్టాను. దురద సగం పోయింది అప్పుడే. కుదురుగా కూర్చుని రాస్తున్నాను ఈ ఉత్తరం. నీ డాక్టర్ని తేదీ అడుగు. వస్తాను.

అక్క

*

పై అంతస్తు నుంచి,
సెప్టెంబరు

అక్కా,

తేదీ ఇచ్చారు. ఈ నెలాఖరుకి. నీ దుప్పట్లు ఉతికించాను. గదంతా నీకు నచ్చినట్టు మందునీళ్లతో కడిగించాను, ఆసుపత్రి వాసన కొడుతోంది, బావుంది. మావాడు నీకోసం మెట్ల దగ్గర దీపం బిగించాడు. ఎప్పుడు బయలుదేరుతున్నావు? ముందురోజే రా. ఒక్క మాట రాసి పడెయ్.

చెల్లి

*

వెనక గది నుంచి,
సెప్టెంబరు

చెల్లీ,

నన్ను తిట్టు.

మళ్లీ వచ్చింది. అంతా అలాగే, మునుపటికంటే ఎక్కువ. తప్పు నాదే. దురద పోగానే మిగిలిన బిళ్లలు ఆపేశాను. తగ్గిపోయాక మందెందుకు పాడుచెయ్యడం, డబ్బాలో ఉంటే మళ్లీ ఎప్పుడైనా పనికొస్తాయి అనుకున్నాను. ఇంకో తప్పు కూడా చేశాను. నీ కంట్లో మందు వేసే చేతులు కదా, బయలుదేరేముందు ఒంట్లో ఏ మురికీ మిగలకూడదని ఆ గచ్చుమందు ఒక్కసారి, కొద్దిగానే కలుపుకుని కడుక్కున్నాను. కోడలికి చెప్పలేదు. డాక్టరమ్మ దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్లను? దుప్పటి కాదని చెప్పింది కదా.

సంచి సర్దుకున్నాను, మళ్లీ విప్పేశాను. అబ్బాయిని సెలవు పెట్టమను. చేతులు కడుక్కుని చుక్కలు వెయ్యమను, గోళ్లు తీసుకోమను. నేను వస్తే నీకు సేవ చెయ్యడం పోయి నువ్వే నాకు చెయ్యాల్సొస్తుంది. నాకు ఇది పోదేమో. పోయాక వస్తాను.

అక్క

*

పై అంతస్తు నుంచి,
సెప్టెంబరు

అక్కా,

తిట్టమన్నావు కాబట్టి తిడుతున్నాను. బుద్ధి లేదు నీకు.

పోయాక వస్తానంటావా? ఏది పోయాక? నీకు దురద పోయాక నాకు మోకాలు వాస్తుంది, నాకది తగ్గాక నీకు షుగరు ఎక్కుతుంది. మనిద్దరి ఒంట్లో అన్నీ బాగుండే రోజు ఇక వస్తుందా? నువ్వు ఉతికి ఆరేసి ఇస్త్రీ చేసుకుని నా ముందుకు రానక్కర్లేదు. నాకు శుభ్రమైన అక్క వద్దు. అక్క కావాలి. దురదతోనైనా రా. గోక్కుంటూ రా. ఇక్కడ చూసేవాళ్లెవరున్నారు, నాకైతే కన్నే కనపడదు.

నవ్వించడానికి రాశాను గానీ నవ్వు రావడం లేదు. నిజం చెబుతున్నా విను. కంటికి కట్టు కడతారంటే భయం లేదు, కత్తి పెడతారన్నా భయం లేదు. సాయంత్రం నాలుగింటికి ఇల్లు చడీచప్పుడు లేకుండా అయిపోతుంది చూడు, మిషన్ కూడా ఆగిపోయి, ఆ వేళంటేనే నాకు భయం. వానల్లో ఆ వేళకి నువ్వు కిటికీ దగ్గర కూర్చుని ఎవరెవరికి ఏమేం జబ్బులొస్తాయో అన్నీ చెబుతుంటావు, నేను కుడుతూ ఊఁ కొడుతుంటాను. ఈ ఏడు వానంతా ఉత్తినే కురిసిపోయింది అక్కా.

ఆపరేషన్ వాయిదా వేయించాను. పెద్ద డాక్టరు కోప్పడ్డాడు, ఇంకా ఆలస్యం చేస్తే పొర గట్టిపడుతుందన్నాడు. "మా అక్క వచ్చాక" అన్నాను. "మీ అక్క ఎప్పుడొస్తారు?" అన్నాడు. చెప్పలేకపోయాను.

చెల్లి

*

వెనక గది నుంచి,
అక్టోబరు

చెల్లీ,

నీ ఉత్తరం కోడలికిచ్చాను. ఇలా ఇంకొకరికివ్వడం ఇదే మొదలు. అది చదివి చెప్పులేసుకుని, "పదండి" అంది.

డాక్టరమ్మ తిట్టలేదు. తిడుతుందని ముందే ఏడవడం మొదలుపెట్టాను, ఆమె నాకు మంచినీళ్లిచ్చింది. "సగంలో ఆపేసినవాళ్లు మీరొక్కరేనా అమ్మా, వారానికి పదిమందొస్తారు" అంది. ఈసారి దూదిపుల్లతో తీసి పరీక్షకి పంపింది. అదే ఫంగస్, వేరేది కాదు. మందు ఈసారి ఎక్కువ రోజులకి రాసింది, తగ్గినా తగ్గకపోయినా చివరిదాకా వాడాలని నా చేత అనిపించింది. ముఖ్యం షుగరేనట. అది దిగకపోతే ఇది తలుపు దగ్గరే కాచుకుని ఉంటుంది అంది. టీలో చక్కెర మానేశాను. గచ్చుమందు సీసా కోడలు తీసుకెళ్లి ఎక్కడో దాచింది, ఇల్లు తుడవాలన్నా నాకివ్వడం లేదు.

"మళ్లీ రాదుగా?" అన్నాను.

"రావచ్చు. వస్తే నా దగ్గరికి రండి. కాలివేళ్లని చెప్పి షాపుకి వెళ్లకండి."

కోడలు అది కూడా చెప్పేసిందన్నమాట.

నేనడిగాను, పూర్తిగా పోకుండా ఊరెళ్లొచ్చా అని. చెల్లెలి కంటి ఆపరేషన్ అని చెప్పాను, ఒకే మంచం మీద పడుకుంటామని చెప్పాను. "మందు సంచిలో పెట్టుకెళ్లండి. చుక్కలు వేసేముందు చేతులు కడుక్కోండి, అది ఎవరైనా చెయ్యాల్సిందే. ఇందుకోసం ఇన్నాళ్లు ఆగారా?" అంది. ఆ చిన్నదానికేం తెలుసు, మనకెన్ని నాళ్లు మిగిలాయో.

మనవరాలు నా పక్కలోకి వచ్చేసింది. నోరు మూసుకునే పడుకుంటోంది పాపం. గురక పెట్టినా ఫర్వాలేదమ్మా అన్నాను. "నాకసలు రాదు నానమ్మా, నీకే వస్తుంది" అంది.

ఇప్పుడు దురద పూర్తిగా పోలేదు. ఒక్కోరోజు ఉంటుంది, ఒక్కోరోజు ఉండదు. మంట లేదు. ఎర్రసంచి కుట్లు విప్పేశాను, లోబట్టలు పెరట్లో అందరి బట్టల మధ్యే ఆరుతున్నాయి. మొదటిరోజు మావాడు చూస్తాడేమోనని కిటికీ దగ్గర కాపలా కాశాను. వాడు చూడనే లేదు, వాడి చొక్కా తీసుకుని వెళ్లిపోయాడు.

నా భయాలు పోయాయని అనుకోకు. బండిలో ఒంటేలుకి ఎలా వెళ్లాలో, నీళ్లు ఉంటాయో లేదో, నీ కంటికి నా వల్ల ఏమవుతుందో, ఇవన్నీ తెస్తాను. సాయంత్రం నాలుగింటికి ఒక్కొక్కటే చెబుతాను. నువ్వు కట్టుతో ఉంటావు కాబట్టి కుట్టలేవు, ఊఁ కొట్టడం మాత్రం మానకు. రాసి రాసి వేళ్లు నొప్పెడుతున్నాయి చెల్లీ, మాటల్లో చెప్పుకుందాం.

పెద్ద డాక్టరు నీ అక్క ఎప్పుడొస్తారని మళ్లీ అడిగితే చెప్పు. కోడలు టిక్కెట్టు తీసేసింది. ఇరవై నాలుగో తేదీ, గురువారం, పొద్దుటి బండికి వస్తున్నాను.

అక్క